నలభై ఆరు చుట్లు

అచ్చంపేట బస్టాండు ఎనుక
రేకుల షెడ్డు నా దుకాణం.
ఎండకాలం వస్తే చాలు
కాలిపోయిన బోరు మోటర్లు
వరుసగ వచ్చి పండుకుంటయి.
ఒక్కో మోటరు ఎనుక ఒక రైతు,
వాడిపోతున్న పల్లి చేను,
"ఇయ్యాల్నే కావాలె జంగన్నా" అనే మాట.

లోకేశ్‌కు ఏడేండ్లప్పుడు టెస్టర్ ఇచ్చిన.
ఇయ్యమని ఎవరూ చెప్పలే.
కొడుకాయె, చెయ్యి దానంతటదే పోయింది.
ఉమామహేశ్వరికి అదే ఈడుకు
చాయ గ్లాసుల తీగబుట్ట ఇచ్చిన.
అది గూడ ఎవరూ చెప్పలే.

చాయ తెచ్చిన పిల్ల
ఒట్టి గ్లాసుల కోసమని నిలవడేది.
నేను తీగ చుడుతుంటె
దాని పెదవులు కదిలేయి.
దేవుని పేరేమో అనుకున్న.
ఒకనాడు ఫోన్ మోగి లెక్క తప్పిన.
ముప్పై ఒకటా? ముప్పై మూడా?
"ముప్పై నాలుగు నాయినా."
విప్పి లెక్కవెట్టిన.
ముప్పై నాలుగే.

రాత్రి చెన్నమ్మకు చెప్తే
"ఇయ్యాల తెలిసిందా నీకు?
నా చీటీల లెక్క రెండేండ్ల సంది అదే చూస్తుంది"
అని అన్నం గిన్నె నా దిక్కు నూకింది.

పదో తరగతి సెలవుల్ల
ఒక మోటరు పూర్తిగ దాని చేతుల పెట్టిన.
మా అమ్మ గడపల కూసోని
"ఆడిపిల్ల చేతులు నల్లగైతే ఎట్లరా" అన్నది,
ముప్పై ఏండ్లు కంది చేన్ల కలుపు తీసిన
తన చేతులు తిప్పుకుంట.
నేను నవ్వలే.
ఆమె భయం ఆమెది.

అసలు సంగతి ఇప్పుడు చెప్త.
ఆ మోటరు కాలింది.
కరెంటు ఇచ్చిన గడియకే పొగ.
ఒక్క సందుల కాయితం పెట్టుడు మరిచింది.
ఉప్పునుంతల నుంచి ఆటోల వచ్చిన బాలస్వామి
"నేను ముందే చెప్పిన గదా" అన్నడు.
ఆయన ముందు ఏం చెప్పలే.

ఇదే షెడ్డుల లోకేశ్
మూడు మోటర్లు కాల్చిండు.
"పోరడు, పని నేర్చుకుంటుండు" అని
మూడుసార్లూ చాయ తాగి పోయిన్రు.
ఈమె ఒక్కటి కాలిస్తే
"ఆడిపిల్లకు ఈ పనెందుకు?"
పొగ ఒకటే.
దానికి పేర్లే రెండు.

నా నాలుక మీద గూడ ఒక మాట తయారుగుండె:
"జరుగు బిడ్డా, నేను చేస్త."
ఎంత ప్రేమగల్ల మాట!
ఆ మాటతోనే గదా
ఎంతమంది పిల్లలను మెల్లగ, నొప్పి తెల్వకుంట
పక్కకు జరిపినం.

మాట మింగిన.
చేతులు లుంగీ మడతల దాసిన.
"తీగ పైసలు నావి బాలస్వామన్నా,
రేపు పొద్దుగాల రా."

అది ఏడ్సింది.
ఏడ్వనిచ్చిన.
ముక్కు తుడుసుకుంటనే
కాలిన తీగ కట్ చేసి బయటికి గుంజింది.
చెన్నమ్మ జొన్నరొట్టె తెచ్చి బల్ల మీద పెట్టి
ఆ నల్ల చేతులను చూసి గూడ
ఏం అనకుంట పోయింది.
నేను బయట స్టూలు మీద కూసున్న
లోపలికి చూడొద్దని.
ఇరవై రెండేండ్ల పనిల
అంత కష్టమైన పని నేను చెయ్యలే.

నలభై నాలుగు, నలభై ఐదు, నలభై ఆరు.
మళ్ళ ఒకటి.
లోపల లెక్క ఇనవడుతుంటె
బయట చీకట్ల
నా పెదవులు కదిలినయి.

తెల్లారి మోటరు తిరిగింది.
బాలస్వామి మెచ్చుకోలే,
పైసలు తెచ్చి నా చేతుల పెట్టబోయిండు.
నేను గదువతోని దాని దిక్కు చూపిన.
కొంచెం సేపు ఆయన చెయ్యి
మా ఇద్దరి నడుమ గాలిల నిలవడ్డది.
తర్వాత జరిగింది.

ఈ ఎండకాలం
లోకేశ్‌కు చాయబుట్ట ఇచ్చిన.
రెండు గ్లాసులు పగులగొట్టిండు.
పోరడు,
నేర్చుకుంటుండు.